నోటరీ కావడానికి కట్టే రుసుమెంత?

(మహిళల రేడియో కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



పట్నంలో కాపురం వుంటున్నవాళ్ళలో నోటరీ అన్న మాట వినని ఇల్లాలు వుండదనే నా నమ్మకం. అబ్బాయి చదువు మధ్యలో ఒక ఏడాది ఆగిందనుకోండి, కాలేజీవాళ్ళు అఫిడవిట్టు తెమ్మంటారు. పెళ్ళయ్యాక అమ్మాయి ఇంటిపేరు మారిందనుకోండి, మళ్ళీ అఫిడవిట్టు. పుట్టిన తేదీ ఒక కాయితంలో ఒకటి, ఇంకో కాయితంలో ఇంకొకటి వున్నా అంతే. ఏ ఆఫీసుకు వెళ్ళినా గుమస్తాగారు తల ఎత్తకుండానే, “నోటరీ చేయించుకు రండమ్మా” అంటారు. మనం కోర్టు దగ్గరికి వెళతాం. టైపు చేసే అతను కాయితం తయారుచేస్తాడు. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి దానిమీద స్టాంపు అంటించి, సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేసి ఇస్తారు. అడిగిన డబ్బిచ్చి ఇంటికి వచ్చేస్తాం.

ఆ సీలు ఆయనకు ఎలా వచ్చిందో మనం ఎప్పుడైనా ఆలోచించామా? దానికోసం ఆయన ప్రభుత్వానికి ఎంత కట్టి వుంటారు? ఎవరు కావాలంటే వారు కట్టి తెచ్చుకోవచ్చునా? లా చదివిన మన అమ్మాయికి గానీ, మన కోడలికి గానీ ఆ సీలు రావాలంటే ఎంత ఖర్చవుతుంది? “చాలా అవుతుందిటండీ, లక్షలు పోయాలిట” అని చెప్పుకునే వాళ్ళున్నారు. “అబ్బే, ఏముందీ, ఫారం నింపి ఫీజు కడితే ఇచ్చేస్తారు” అనేవాళ్ళూ వున్నారు. రెండు మాటలూ నిజం కావు. ఆ సంగతే ఈ పూట చెప్పుకుందాం.

ముందు కాస్త పాత కథ. చాలాకాలం పాటు మన దేశంలో పనిచేసే నోటరీలను నియమించే అధికారం ఇంగ్లండులో వుండేది. అక్కడ మాస్టర్ ఆఫ్ ఫాకల్టీస్ అనే అధికారి వుండేవాడు. ఆయన పంపిన ఉత్తర్వుతోనే ఇక్కడివారు ఆ పని చేసేవారు. 1881లో వచ్చిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ఇక్కడి ప్రభుత్వానికి కూడా నోటరీలను నియమించే వీలు కలిగింది గానీ, అది ముఖ్యంగా హుండీలూ, ప్రామిసరీ నోట్ల పనికే పరిమితం. స్వతంత్రం వచ్చాక కూడా మన కాయితానికి ముద్ర వేసే మనిషిని పరాయి దేశంవాళ్ళు నియమించడం ఏం బాగుంటుంది? అందుకని 1952లో మన పార్లమెంటు నోటరీల చట్టం చేసింది. అది 1956 ఫిబ్రవరి 14న అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరమే దానికి నియమాలు కూడా రాశారు. తర్వాత ఎన్నో సవరణలు జరిగినా, ఇప్పటికీ నోటరీ వ్యవస్థ అంతా ఆ చట్టం మీదా, ఆ నియమాల మీదా నడుస్తున్నదే.

ఆ చట్టం ప్రకారం నోటరీలను నియమించే అధికారం ఇద్దరికి వుంది. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ గానీ, దేశంలో ఏదైనా ఒక ప్రాంతానికి గానీ నియమించవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం తన రాష్ట్రం మొత్తానికో, అందులో ఒక భాగానికో నియమించవచ్చు. అందుకే నోటరీగారి బోర్డు మీద ఫలానా ప్రాంతానికి అని రాసి వుంటుంది. ఎంతమందిని పడితే అంతమందిని నియమించడానికి కూడా వీలు లేదు. ఒక్కొక్క రాష్ట్రానికి ఇంతమందికి మించరాదని నియమాల చివర షెడ్యూలులో హద్దు పెట్టారు.

ఇక దరఖాస్తు సంగతి. దీన్ని నియమాలలో మెమోరియల్ అన్నారు. ఆ మాట వినగానే మనకు స్మారక చిహ్నాలు గుర్తుకొస్తాయి గానీ, ఇక్కడ దాని అర్థం వినతిపత్రం అని. అభ్యర్థి తన పేరూ, చదువూ, ఎన్నేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నదీ, ఏ ప్రాంతంలో నోటరీగా పనిచేయదలచుకున్నదీ రాసి, సంతకం చేసి అధికారికి పంపుకోవాలి. అయితే ఒక్క ఆయన సంతకమే చాలదు. ఆ దరఖాస్తు మీద ఒక మేజిస్ట్రేటు సంతకం వుండాలి. ఒక జాతీయ బ్యాంకు మేనేజరు సంతకం వుండాలి. ఒక వర్తకుడి సంతకం వుండాలి. ఆ ప్రాంతంలో పేరున్న పెద్దమనుషులు ఇద్దరి సంతకాలు వుండాలి. మొత్తం ఐదుగురు!

చూశారా, ఎంత ఆలోచించి పెట్టారో! న్యాయం తెలిసినవారు ఒకరు, డబ్బు వ్యవహారం తెలిసినవారు ఒకరు, బజారు తెలిసినవారు ఒకరు, ఇరుగుపొరుగు తెలిసినవారు ఇద్దరు. మనం పెళ్ళి సంబంధం చూసేటప్పుడు చేసే విచారణ కూడా ఇలాగే వుంటుంది కాదూ! పిల్లవాడు పనిచేసే చోట అడుగుతాం, వాళ్ళ వీధిలో అడుగుతాం, ఆఖరికి కిరాణా కొట్టువాణ్ణి కూడా అడుగుతాం.

దరఖాస్తు అందాక అధికారి దాన్ని పరిశీలిస్తారు. అర్హత లేకపోతే అక్కడికక్కడే తోసిపుచ్చుతారు. అర్హత వుంటే, అక్కడి బార్ అసోసియేషను వంటి సంస్థలను మీకేమైనా అభ్యంతరాలున్నాయా అని అడగవచ్చు. ఈ మనిషి ఆ ఊళ్ళోనే వుంటున్నారా? ఆ ప్రాంతంలో వ్యాపారం ఎంత జరుగుతుంది? ఇప్పటికే ఎందరు నోటరీలున్నారు? ఇంకొకరు అవసరమా? వర్తక సంబంధమైన చట్టాలు ఈయనకు తెలుసునా? ఇవన్నీ చూడాలని నియమాలలోనే రాసి వుంది. కేంద్ర ప్రభుత్వ నియామకాలకైతే ఇంటర్వ్యూ బోర్డు కూడా వుంది. ఇవన్నీ దాటి, ప్రభుత్వం సరేనంటేనే నియామకం.

మరి డబ్బు కట్టేదెప్పుడు? ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చట్టంలో 5వ సెక్షను ఏమంటుందంటే, నియామకం అయిన నోటరీ ప్రాక్టీసు చేయదలచుకుంటే, తనను నియమించిన ప్రభుత్వానికి నిర్ణయించిన రుసుము కట్టాలి. కట్టాక రెండు హక్కులు వస్తాయి. ప్రభుత్వం దగ్గర వుండే రిజిష్టరులో ఆయన పేరు ఎక్కుతుంది. ప్రాక్టీసు చేసుకోవచ్చునని సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ సర్టిఫికెట్టు ఐదేళ్ళు చెల్లుతుంది. వెనకటి రోజుల్లో మూడేళ్ళే వుండేది, 1999లో చట్టాన్ని సవరించి ఐదేళ్ళు చేశారు. గడువు తీరకముందే మళ్ళీ రుసుము కట్టి దాన్ని పొడిగించుకోవాలి. తన ప్రాంతం పెంచుకోవాలంటే దానికొక రుసుము. సర్టిఫికెట్టు పోతే నకలుకు ఒక రుసుము. అంతే. చట్టం చెప్పే లెక్కలు ఇవే.

ఎంత మొత్తం అంటారా? సర్టిఫికెట్టు రుసుము నాలుగంకెలు దాటదు. పెళ్ళికి కొనుక్కునే ఒక మోస్తరు పట్టుచీర ఖరీదుకన్నా తక్కువే. ఈ రుసుములను అప్పుడప్పుడు సవరిస్తూ వుంటారు గనుక, దరఖాస్తు పెట్టే ఏడాదిలో వెలువడిన ప్రకటన చూసుకుని కట్టడం మంచిది. దరఖాస్తుతోపాటు ఏదైనా కట్టవలసి వుంటే అదీ ఆ ప్రకటనలోనే రాసి వుంటుంది. కట్టిన ప్రతి రూపాయీ ప్రభుత్వ ఖాతాకే వెళ్ళాలి, దానికి రశీదో చలానో మన చేతికి రావాలి. అంతకుమించి ఎవరైనా “ఫీజు” అని అడిగితే అది ఫీజు కాదు, దాని పేరు వేరే వుంది. అది మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు సముద్రం దాటి ఒక్కసారి అవతలికి వెళ్ళొద్దాం. మన పిల్లలు అమెరికాలో వుంటున్నారు కదా. ఊళ్ళో ఇంటి వ్యవహారం చూడమని నాన్నగారి పేర పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే, అక్కడి నోటరీ ఎదుటో, మన కాన్సలేటులోనో సంతకం పెట్టి పంపుతారు. “అక్కడ బ్యాంకులోనే నోటరీ వుంటుందమ్మా, ఐదు నిమిషాల్లో అయిపోయింది” అని ఫోనులో చెబుతారు. నిజమే. అక్కడ చాలా రాష్ట్రాలలో నోటరీ కావడానికి వకీలు కానక్కరలేదు. న్యూయార్కు రాష్ట్రాన్నే తీసుకోండి. పద్ధెనిమిదేళ్ళు నిండినవారు పరీక్ష ఫీజు 15 డాలర్లు కట్టి, పరీక్ష పాసై, దరఖాస్తు ఫీజు 60 డాలర్లు కడితే నాలుగేళ్ళకు నోటరీ అధికారం ఇస్తారు. కాలిఫోర్నియాలోనైతే పరీక్షకూ దరఖాస్తుకూ కలిపి 40 డాలర్లు, దానితోపాటు కొంత శిక్షణ, బాండు, వేలిముద్రల ఖర్చులు. బ్యాంకు గుమస్తా, మందుల షాపులో పనిచేసే అమ్మాయి, ఎవరైనా కావచ్చు. ఎదుటి మనిషి ఫలానావారే అని గుర్తించి, సంతకానికి సాక్షిగా నిలవడమే వాళ్ళ పని.

మన దగ్గర అలా కాదు. మన చట్టం నోటరీ చేతికి ఇంకా చాలా పనులు అప్పగించింది. పత్రాలను ధ్రువీకరించాలి, ప్రమాణం చేయించాలి, అఫిడవిట్టు తీసుకోవాలి, ఒక భాష నుంచి ఇంకో భాషకు తర్జుమా చేసి అది సరైనదేనని చెప్పాలి, ఆమోదం పొందని హుండీల మీద నిరసన రాయాలి. అందుకే ఇక్కడ డబ్బుకన్నా ముందు అనుభవాన్ని అడిగారు. మామూలుగా పదేళ్ళు వకీలుగా ప్రాక్టీసు చేసి వుండాలి. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతుల వారికి ఏడేళ్ళు చాలు. స్త్రీలకు, ఏ కులంవారైనా సరే, ఏడేళ్ళు చాలు.

ఈ ఆఖరి మాట మీదే నేను కాసేపు ఆగదలచుకున్నాను. స్త్రీలకు ఏడేళ్ళు చాలు అన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఒకప్పుడు మన దేశంలో స్త్రీ వకీలు కావడానికే వీలుండేది కాదు. లా పాసైనా, నువ్వు ఆడదానివి గనుక కుదరదని కోర్టులు పంపేసిన రోజులున్నాయి. 1923లో లీగల్ ప్రాక్టీషనర్స్ మహిళా చట్టం వచ్చాకనే ఆ అడ్డు తొలగింది. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి మీకు తెలియనిదా! చిన్నతనంలోనే పెళ్ళయి, జైళ్ళకు వెళ్ళి, ఆ తర్వాత మెట్రిక్ నుంచి మొదలుపెట్టి చదివి, 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. అటువంటివారు వేసిన దారిలో ఈనాడు లా కాలేజీల నిండా ఆడపిల్లలే కనిపిస్తున్నారు. సంతోషం. కానీ చదువు పూర్తయ్యాక వారిలో ఎందరు కోర్టు మెట్లు ఎక్కుతున్నారు? ఎక్కినవాళ్ళలో ఎందరు ఏడేళ్ళు నిలబడుతున్నారు?

పెళ్ళవుతుంది. భర్త ఉద్యోగం వేరే ఊళ్ళో. మొదటి రెండేళ్ళూ కాపురం సర్దుకోవడంతోనే గడిచిపోతాయి. తర్వాత పసిబిడ్డ. ఆ తర్వాత అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నల్లకోటు బీరువాలో కలరా ఉండల మధ్య చేరుతుంది. ఎవరూ మానేయమని చెప్పరు. అది దానంతటదే ఆగిపోతుంది. ఐదేళ్ళు చేసి ఆపేసినవాళ్ళూ, ఆరేళ్ళు చేసి ఆపేసినవాళ్ళూ నాకే నలుగురు తెలుసు.

మాకు తెలిసిన ఒకరింట్లో జరిగిన సంగతి చెబుతాను, పేర్లెందుకు లెండి. ఆ ఇంటి కోడలు జిల్లా కోర్టులో ఆరేళ్ళు ప్రాక్టీసు చేసింది. రెండో కాన్పు తర్వాత ఇక మానేద్దామనుకుంది. “మీ ఒక్కరి మీదా పిల్లల్ని వదిలేసి వెళ్ళడం నాకు మనస్కరించడం లేదత్తయ్యా” అందిట. అత్తగారు చదివింది ఐదో తరగతి. ఆవిడ సరేననబోతూ వుండగా, ఆ అమ్మాయి సీనియరుగారి నుంచి ఫోను వచ్చింది. “ఇంకొక్క ఏడాది వచ్చివుంటే నోటరీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు కదమ్మా. అది వస్తే ఇంటి దగ్గరే ముందు గదిలో కూర్చుని చేసుకోవచ్చు, రోజూ కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు” అన్నారాయన.

అత్తగారు ఆ మాట విన్నారు. “ఇంకెన్ని నెలలే?” అని అడిగారు. పదకొండు నెలలు. ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టుకుని, “తొమ్మిది నెలలు మోసినదానివి, పదకొండు నెలలు మొయ్యలేవుటే? పొద్దున్న పదినుంచి రెండు దాకా పిల్లల్ని నేను చూస్తాను. రెండు తర్వాత నువ్వు చూసుకో” అన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకుంది. చిన్న కేసులే పట్టుకుంది గానీ మానలేదు.

ఏడేళ్ళు నిండాయి. దరఖాస్తు సిద్ధం చేసుకుంటూ వుంటే, ఎక్కడ విన్నాడో ఏమో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఇంటికి వచ్చాడు. “అమ్మా, అప్లికేషను ఫీజు, పై ఫీజు అన్నీ కలిపి ఇంత అవుతుంది. నా చేతికిస్తే ఆర్డరు మీ ఇంటికి వస్తుంది” అని అంకె చెప్పాడు. ఆ అంకెతో ఓ పిల్ల పెళ్ళి చేయవచ్చు. భర్త ఆలోచనలో పడ్డాడు. పోనీ గొలుసు తాకట్టు పెడదామా అన్నాడట. అత్తగారు కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, “తప్పకుండా ఇస్తాం నాయనా. రశీదు మాత్రం ప్రభుత్వం పేరుమీద ఇప్పించు” అన్నారు. ఆ మనిషి కాఫీ అయితే తాగాడు గానీ, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ అమ్మాయికి మొదటిసారి నియామకం రాలేదు. ఆ ప్రాంతంలో ఖాళీలు తక్కువ, అనుభవం ఎక్కువ వున్నవారు వున్నారు. రెండోసారి ప్రకటన వెలువడినప్పుడు మళ్ళీ పెట్టింది. అప్పుడు వచ్చింది. ఇప్పుడు వాళ్ళ ముందు గదిలో బల్లమీద రిజిష్టరు, పక్కనే సీలు. ఆవిడ దగ్గరికి ఆడవాళ్ళు ధైర్యంగా వస్తారు. కోర్టు ముందు చెట్టుకింద నిలబడి నలుగురిలో చెప్పుకోలేని మాటలు, కూర్చుని నిదానంగా చెప్పుకుంటారు.

కాబట్టి సోదరీమణులారా, రుసుము ఎంత అని అడిగితే నా సమాధానం ఇది. ప్రభుత్వానికి కట్టేది చిన్న మొత్తం. ఆడపిల్ల కట్టవలసిన అసలు మూల్యం ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ ఆమె ఒక్కతీ కట్టలేదు, ఇంట్లోవాళ్ళు కూడా తలో ఏడాది కట్టాలి. ఎన్‌రోల్‌మెంటు కాయితం ఒక్కటీ బీరువాలో దాచుకుంటే లాభం లేదు, ప్రాక్టీసు చేసినట్టు రుజువు వుండాలి. అందుకని వకాల్తాలు, కేసుల నంబర్లు, తీర్పుల కాపీలు, బార్ కౌన్సిలు కాయితాలు అన్నీ సంవత్సరాల వారీగా ఒక ఫైలులో పెట్టుకోమనండి. మనం కరెంటు బిల్లులు, పిల్లల ప్రోగ్రెసు రిపోర్టులు దాచినట్టు! ఐదుగురి సంతకాలు కావాలన్నాం కదా. ఆ ఐదుగురూ ఒక్కరోజులో దొరకరు. ఇరుగుపొరుగుతో మంచిగా వుండటం, బ్యాంకు వ్యవహారం శుభ్రంగా వుండటం, మాట నిలబెట్టుకోవడం, ఇవన్నీ ఏళ్ళ తరబడి కట్టే రుసుమే.

ఇక, ఇంట్లో వకీళ్ళెవరూ లేనివాళ్ళకు కూడా ఈ సంగతి ఎందుకు తెలియాలో చెబుతాను. అన్నేళ్ళ అనుభవంతో, అంత విచారణతో ఇచ్చిన సీలు గనుకనే దానికి విలువ. ఆ విలువ చెడకుండా చూసే బాధ్యత ఆయనదీ, మనదీ కూడా.

నోటరీ తాను పుచ్చుకునే రుసుముల పట్టికను తన గది లోపలా, బయటా కూడా అందరికీ కనబడేలా పెట్టాలని నియమం వుంది. మనం పుచ్చుకునే ప్రతి పనికీ ఎంత అన్నది ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. పుచ్చుకున్న డబ్బుకు రశీదు ఇవ్వాలనీ, ఆ లెక్క రిజిష్టరులో రాయాలనీ కూడా వుంది. ప్రతి ఏటా జనవరి మొదటి వారంలో ముందటి ఏడాది చేసిన పనులన్నిటి నివేదిక ప్రభుత్వానికి పంపాలి. కాబట్టి రశీదు అడగడం మర్యాద తప్పడం కాదు. “ఒక రశీదు ఇప్పించండి బాబుగారూ” అని నెమ్మదిగా అడగండి. కూరలవాడి దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనం ఇక్కడ నోరెందుకు మూసుకోవాలి?

ఇంకొకటి. కోర్టు దగ్గర మనం ఇచ్చే డబ్బు అంతా నోటరీ ఫీజు కాదు. స్టాంపు కాయితం ఖరీదు వేరు, టైపు చేసినందుకు వేరు, అంటించే నోటరీ స్టాంపు వేరు, నోటరీ రుసుము వేరు. ఈ నాలుగూ విడివిడిగా చెప్పమనండి. లెక్క విడగొడితే ఎక్కడ ఎక్కువ అడిగారో తెలుస్తుంది. ఇంకో మాట, జిరాక్సు కాపీల కోసం నోటరీ దగ్గరికి పరుగెత్తే ముందు, మీ సంతకంతో ఇస్తే చాలునేమో ఆఫీసులో అడగండి. 2014 నుంచి కేంద్ర ప్రభుత్వం స్వయంగా ధ్రువీకరించుకునే పద్ధతిని ప్రోత్సహిస్తోంది. చాలాచోట్ల అదే చాలు.

సీలు కూడా ఒకసారి తేరిపార చూడండి. ఐదు సెంటీమీటర్ల అడ్డకొలత, అంటే సుమారు రెండంగుళాలు వుండే గుండ్రటి సీలు అది. దానిలో నోటరీ పేరు, ఆయన ప్రాంతం, రిజిష్టరు నంబరు, ఏ ప్రభుత్వం నియమించిందో వుండాలి. నంబరు లేని సీలు చూస్తే అనుమానించండి. సర్టిఫికెట్టు లేకుండా నోటరీనని చెప్పుకోవడం శిక్షార్హమైన నేరం. మీ సంతకం మీరు వెళ్ళి, ఆయన ఎదుటనే పెట్టాలి. రిజిష్టరులో కూడా మీచేత సంతకం పెట్టించుకోవాలి. “మీరు రానక్కరలేదమ్మా, కాయితం పంపండి, సీలు వేసి పంపిస్తాను” అన్నవారి దగ్గరికి వెళ్ళకండి. ఈవేళ మీ సంతకం చూడకుండా సీలు వేసినవారు, రేపు మీ పేర ఇంకొకరు పెట్టిన సంతకానికీ వేస్తారు.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. నోటరీ సీలు పడినంత మాత్రాన ఇల్లు మనదైపోదు. వంద రూపాయలు, ఆపైన విలువచేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషను ఆఫీసులో రిజిష్టరు కావలసిందేనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం, ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నాయి. అయినా హైదరాబాదు వంటి చోట్ల “నోటరీ ప్లాటు”, “నోటరీ ఇల్లు” అనే మాటలు వాడుకలోకి వచ్చేశాయి. చవగ్గా వస్తోందని, పుస్తెలు అమ్మి మరీ కొనుక్కున్నవాళ్ళున్నారు. తీరా బ్యాంకు అప్పుకు వెళితే ఆ కాయితం పనికిరాదంటారు. అలాగే నోటరీ దగ్గర కాయితం రాసుకున్నంత మాత్రాన పెళ్ళి కాదు, విడాకులు కావు. “మేము నోటరీలో విడిపోయాం” అని ఎవరైనా అంటే, అది ఒప్పందం కాయితమేగానీ విడాకులు కాదని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఒక ఆడపిల్ల బతుకు నిలబడవచ్చు.

సీలు విలువ అది వేసే మనిషిని బట్టి వుంటుంది. ఆ మనిషి చేతికి అది రావడానికి ప్రభుత్వం తీసుకునే డబ్బు కొద్దిపాటిది, అడిగే నమ్మకం పెద్దది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నల్లకోటు బీరువాలో పెట్టేసిన అమ్మాయి ఎవరైనా వుంటే, ఈ సాయంత్రం ఓసారి పలకరించండి. ఆవిడకు ఏడేళ్ళకు ఇంకా ఎన్ని నెలలు తక్కువో అడగండి. ఆ నెలల్లో మీరు ఏ సాయం చేయగలరో అది కూడా అడగండి.

సెలవు. నమస్కారం.